ఇంటికి వచ్చిన ఓటు

2024 ఎన్నికల ముందు మా ఇంట్లో రెండు రాత్రులు నిద్ర చెడగొట్టిన ఒక తర్జనభర్జన గురించి చెప్పాలనుకుంటున్నాను. ఓటు ఎవరికి వేయాలన్నది కాదు ఆ గొడవ. ఎప్పుడు వేయాలి, ఎక్కడ వేయాలి అన్నదే.

మాది గురజాల దగ్గరి పల్లె. అమ్మకు ఓటరు కార్డు ప్రకారం అప్పటికి 86 ఏళ్లు. మోకాళ్లు పట్టేసి వసారా దాటడం లేదు. ఏప్రిల్ 18న నోటిఫికేషన్ వచ్చిందో లేదో, మా బూత్ బి.ఎల్.ఓ. 12డి అనే ఫారం పట్టుకుని ఇంటికి వచ్చింది. 85 ఏళ్లు నిండినవారు, నలభై శాతానికి తక్కువ కాకుండా వికలాంగత ఉన్నవారు కోరుకుంటే పోలింగ్‌కు కొన్ని దినాల ముందే ఇంటి దగ్గర ఓటు వేయవచ్చునట. అంతకు ముందు 80 ఏళ్లకే ఈ వీలుండేది. 2024 మార్చిలో దాన్ని 85కు పెంచారు.

మా తమ్ముడు వెంటనే, "వేలిముద్ర వెయ్యమ్మా, పీడా పోతుంది" అన్నాడు. వాడి మాటలో న్యాయం లేకపోలేదు. పోలింగ్ మే 13. రెంటచింతల ఎండలు ఎట్లా ఉంటాయో ఈ ప్రాంతపువారికి నేను చెప్పనక్కరలేదు. ఎండకు తోడు ఎన్నికల నాడు పల్నాటి పల్లెల్లో ఏ గడియకు ఏ రాయి లేస్తుందో తెలియదు.

కానీ అమ్మ ఒక్క ప్రశ్న వేసింది. "ఇది రాసిచ్చినాక, ఆ రోజు నాకు బాగుంటే బడికాడికి పోవచ్చునా?"

పోకూడదు. అసలు చిక్కు అక్కడే ఉంది. ఫారం ఇచ్చి, అది మంజూరైతే, ఓటర్ల జాబితాలో ఆ పేరు ఎదుట పోస్టల్ బ్యాలెట్ అని గుర్తు పెడతారు. ఇక బూత్‌కు వెళ్లినా ఓటు ఇవ్వరు. అధికారులు ముందుగా కబురు చేసి వస్తారు. ఆ వేళకు మనిషి లేకపోతే ఇంకొకసారి వస్తారు. అప్పుడూ లేకపోతే ఆ ఓటు పోయినట్టే. నోటిఫికేషన్ వచ్చిన ఐదు దినాల లోపు ఫారం ఇవ్వాలి గనుక, నెల తరువాత ఆరోగ్యం ఎట్లా ఉంటుందో, ఊరు ఎట్లా ఉంటుందో ఇప్పుడే ఊహించి నిర్ణయించుకోవాలి. అమెరికాలో ఇట్లా కాదు. టెక్సాస్‌లో ఉంటున్న మా సంఘస్థుల అమ్మాయి చెప్పింది, అక్కడ 2024 నవంబరు 5 ఎన్నికకు అక్టోబరు 21 నుండే ఎవరైనా వెళ్లి ఓటు వేయవచ్చునట. మన దేశంలో సామాన్య ఓటరుకు ఆ వీలు లేదు. అందరిదీ ఒకటే దినం.

అమ్మ సందేహం ఇంకొకటి ఉంది. అది ఆమె తమ్ముడి ఎదుట చెప్పలేదు. రాత్రి నాతో అన్నది: "బళ్లో అయితే అట్ట చాటున నేనొక్కదాన్నే. ఇంట్లో వీళ్లందరూ నా చుట్టూ ఉంటారు గదే." మాది రెండు వర్గాల ఊరు. తమ్ముడు ఒక వైపు, మా చిన్నాన్న కొడుకులు ఇంకొక వైపు. అమ్మ మనస్సులో ఏముందో నాకు ఈనాటికీ తెలియదు, అడగలేదు కూడా.

ఆదివారం ఆరాధన తరువాత అయ్యగారు ఇంటికి వచ్చినప్పుడు ఆయననే అడిగింది. ఆయన ఏది మేలో చెప్పలేదు. "ఎవరికి వేశావని అడిగే హక్కు మీ అబ్బాయికి లేదు, నాకూ లేదమ్మా. అది నిలబడే చోటు చూసుకో" అని మాత్రం అన్నారు. (కొందరు సంఘ పెద్దలు ఈపాటి సంయమనం చూపితే ఎంత బాగుండును!)

చివరికి నాలుగో దినాన అమ్మ వేలిముద్ర వేసింది. మోకాళ్లే గెలిచాయి.

మా మేనత్త సంగతి వేరు. అమ్మ కంటే ఆమె మూడేళ్లు పెద్దది, ఊరంతా ఎరుగుదురు. కానీ కార్డులో 83 అని పడింది. ఆ కాలంలో పుట్టిన తేదీలు ఎవరు రాశారు? ఎన్నికల సంఘం చూసేది జాబితాలోని వయస్సునే. "నాకేం, నేను నడిచిపోతా" అన్నది అత్త.

మే నెలలో ఒక ఉదయం అధికారులు వచ్చారు. ఇద్దరు సిబ్బంది, ఒక పోలీసు, వీడియో తీసే అబ్బాయి. ఏ ఇంటికి ఎప్పుడు వెళతారో అభ్యర్థులకు ముందే తెలియజేస్తారు గనుక ఇరుపక్షాల ఏజెంట్లూ గుమ్మం దగ్గర నిలబడ్డారు. జరిగే పద్ధతిని వారు చూడవచ్చును గాని గుర్తు పెట్టడం చూడకూడదు. అట్ట తడిక నిలబెట్టి, పార్లమెంటుకొకటి, అసెంబ్లీకొకటి కాగితాలు ఇచ్చారు. తమ్ముడు సాయం చేద్దామని ముందుకు వచ్చాడు.

"నువ్వు గొడ్లకాడికి పోరా," అన్నది అమ్మ.

వాడు నొచ్చుకున్నాడు. అయినా వెళ్లాడు. అమ్మ చాలాసేపు తీసుకుంది. కవరు తానే అంటించింది. కవరుతో పాటు 13ఏ అనే ధ్రువీకరణ పత్రం ఉంటుంది, దాని మీద అధికారి సంతకం ముఖ్యం. ఎన్నికల విధుల్లో ఉండి ముందుగా ఓటు వేసే ఉపాధ్యాయులు, ఉద్యోగులు కూడా ఇది గమనించాలి. 2024లో ఆ పత్రంపై సంతకం ఉన్నా ముద్ర లేదన్న వివాదం హైకోర్టు దాకా వెళ్లింది.

మే 13న అత్త తెల్లవారకముందే లేచి తల దువ్వుకుంది. ఏడు గంటలకు పోలింగ్ మొదలయ్యేసరికి వరుసలో ముందుంది. ఎనిమిదిన్నరకు సిరా వేలు చూపిస్తూ వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. ఓటు వేయగానే యంత్రం పక్క పెట్టె అద్దంలో చీటీ ఏడు క్షణాలు కనబడిందని, తాను నొక్కిన గుర్తే అందులో ఉన్నదని పదిసార్లు చెప్పింది. అమ్మ చెంగులోకి చెయ్యి దాచుకుంది.

పొద్దెక్కేకొద్దీ ఫోన్లు మొదలయ్యాయి. ఆ దినం మాచర్ల నియోజకవర్గంలో ఏడు పోలింగ్ కేంద్రాల్లో యంత్రాలు ధ్వంసమైనట్టు తరువాత ఎన్నికల సంఘమే వెల్లడించింది. వాటిలో రెంటచింతల మండలం పాల్వాయిగేటు ఒకటి. పోలింగ్ నాడు, ఆ మరునాళ్లలో జరిగిన దాడుల వలన జిల్లాలో 144వ సెక్షన్ పెట్టారు. ఇంత జరిగినా రాష్ట్రంలో పోస్టల్ ఓట్లతో కలిపి 81.86 శాతం ఓట్లు పడ్డాయి.

ఆ సాయంత్రం తమ్ముడు, "చూశావా అమ్మా, నేను చెప్పలేదా?" అన్నాడు. అమ్మ ఔననలేదు. "మీ అత్త పోయి వచ్చింది గదరా" అన్నది.

అత్త కార్డులో వయస్సు సరిచేయించాలంటే ఫారం 8 ఇవ్వాలి, ఆధారం ఒకటి చూపాలి. ఆ ఫారం తెచ్చి నాలుగు నెలలు అల్మారాలో పెట్టాను. పోయిన క్రిస్మస్‌కు అత్త ఎదుట తీస్తే, చదివించుకుని వినిపించుకున్నది. "ఇది ఇస్తే మళ్లీ వాళ్లు ఇంటికి వస్తారా, నేను పోవాలా?" అన్నది. నీ ఇష్టమే అత్తా, 12డి ఇస్తేనే ఇంటికి వస్తారు, ఇవ్వకపోతే బడికే అన్నాను.

"అయితే వయస్సు రాయించు. ఆ రెండోది మాత్రం తేవాకు."