ఆగి ఆగి నడచు సరకుబండి: లోపము కనుగొను విధము



పంట పండించుట ఒక యెత్తు. దానిని వేళకు మార్కెట్టునకు చేర్చుట మరియొక యెత్తు. తెల్లవారకమునుపే టమాటాలతో మదనపల్లెకు బయలుదేరిన పికప్పు బండి త్రోవలో నిలిచిపోయినచో, వేలము మన కొరకు ఆగదు.

బొత్తిగా కదలని బండిని బాగుచేయుట సులభము. ఒకనాడు నడచి, ఒకనాడు మొండికెత్తు బండితోడనే చిక్కు. మెకానిక్కు ఎదుట అది చక్కగా స్టార్టగును. ఊరు దాటినపిదప మరల ఆగును. మా సంఘపు డీజిలు బండికి ఈ జబ్బే పట్టినది. కొన్ని ఉదయములందు తాళము త్రిప్పినను 'టక్కు'మని యూరకుండెడిది. మరికొన్నాళ్లు గతుకులలో చటుక్కున ఆగెడిది. ఒకరు చెప్పగా బ్యాటరీ మార్చితిమి. మరియొకరు చెప్పగా సెల్ఫు మోటారు మార్చితిమి. జబ్బు మాత్రము మారలేదు. తుదకు చూడగా, బ్యాటరీనుండి చాసిసునకు పోవు ఎర్తు తీగె బోల్టు క్రింద త్రుప్పు పట్టియుండెను. గీకి బిగించినంతనే రెండు బాధలును తీరినవి. ఉప్పుకాగితముతో పోవు పనికి సభ్యుల సొమ్ము వ్యర్థపరచితిమి. ఇతరులకు ఈ నష్టము రాకూడదని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మేము నేర్చిన పాఠమిది: ముందు గమనింపవలెను, పిమ్మట కొలువవలెను, కడపటనే సామాను మార్చవలెను.

మొదట బండి ఏ తీరున మొండికెత్తుచున్నదో చూడుడు. తాళము త్రిప్పినను సెల్ఫు తిరుగక టక్కుమనినచో, లేక బరువుగా తిరిగినచో, బ్యాటరీని, దాని టెర్మినళ్లను, ఎర్తు తీగెను, సెల్ఫు తీగెలను అనుమానింపుడు. సెల్ఫు చురుకుగా తిరిగియు ఇంజను అందుకొననిచో, డీజిలు చేరుటలేదనియో, సెన్సారు పనిచేయుటలేదనియో తలపవచ్చును. నడచుచు నడచుచు ఊపు తగ్గి, కుదుపులిచ్చి ఆగినది తరచుగా డీజిలు లోపము. తాళము తీసినట్లు చటుక్కున ఆగినది తరచుగా విద్యుత్తు లోపము: తాళపు స్విచ్చి, రిలే, వదులైన తీగె, పాత బండ్లయందు పంపునకు డీజిలు నాపు సొలినాయిడు మున్నగునవి. వేడెక్కినపుడు ఆగి, చల్లారిన పిదప మరల స్టార్టగునదైనచో క్రాంకు సెన్సారును తప్పక పరీక్షింపుడు.

కొలుచుటకు చిన్న మల్టీమీటరు చాలును. రాత్రియంతయు నిలిపిన బండిలో నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును, 12.2 కన్న తక్కువైనచో సగము కూడ లేదన్నమాట. సెల్ఫు తిరుగునపుడు 9.6 వోల్టులకంటె దిగువకు జారినచో బ్యాటరీ బలహీనమనియో, సెల్ఫు అధికముగా లాగుచున్నదనియో తెలియును. ఇంజను నడచునపుడు 13.5 మొదలు 14.5 వరకు ఉండవలెను. లేనిచో ఆల్టర్నేటరును చూపింపుడు. ఎర్తు పరీక్షకు మీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివు స్తంభమునకును, రెండవదానిని ఇంజను లోహమునకును తగిలించి, మరియొకరిచే సెల్ఫు త్రిప్పింపుడు. అర వోల్టుకు మించి చూపినచో ఎర్తు దారిలో అడ్డు కలదు. అప్పుడు గేరు న్యూట్రలులోను, చేతిబ్రేకు బిగించియు ఉండవలెను.

డీజిలు విషయమున నీరే పెద్ద శత్రువు. డ్రమ్ములలో నిలువయుంచిన డీజిలులో నీరు అడుగున చేరును. కావున అడుగుభాగము బండిలో పోయరాదు. ఫిల్టరు క్రింది మరను వదలి నీటిని తీయుడు. గడువునకు ఫిల్టరు మార్చుడు. పైపు కీలులో గాలి జొరబడినను ఇంజను ఆగును. తడి మరకలున్న కీళ్లను చూడుడు. టాంకు మూతలోని గాలిరంధ్రము పూడినచో కొంతదూరము నడచి ఆగును. మూత వదులు చేయగానే బుస్సున గాలి లోనికి పోయి, బండి మరల నడచినచో దోషము అక్కడనే యున్నది.

కొన్ని జాగ్రత్తలు కలవు. ఇంజను నడచుచుండగా బ్యాటరీ తీగె తీయరాదు. లోని ఎలక్ట్రానిక్కు పరికరములు చెడును. కామన్‌రైలు ఇంజనులయందు డీజిలు వేయి బార్లకు మించిన ఒత్తిడితో పోవును. ఆ పైపులను మీరు విప్పరాదు, అది చర్మమును చీల్చుకొని పోగలదు. ఇంజను దీపము వెలిగినచో స్కానరుతో కోడు చదివింపుడు. కోడు అనుమానింపవలసిన దారిని చూపునేకాని, ఫలానా సామాను చెడినదని తీర్పు చెప్పదు. త్రోవలో ఇంజను ఆగినపుడు బ్రేకును, స్టీరింగును బరువెక్కును. భయపడక బ్రేకును ఒకే పట్టున గట్టిగా త్రొక్కి, బండిని ప్రక్కకు తీయుడు.

కడపట ఒక మనవి. బండిలో ఒక చిన్న పుస్తకము ఉంచుడు. ఆగిన ప్రతిసారియు వేళ, ఇంజను వేడియో చల్లనో, టాంకులో డీజిలెంత, గతుకా యెక్కుడా, ఏ దీపము వెలిగెను అని వ్రాయుడు. నాలుగైదుసారులు వ్రాసినపిదప వానిలోని పోలిక బయటపడును. ఆ పుస్తకమును మెకానిక్కు చేతికిచ్చినచో, అతడును ఊహతో కాక ఆధారముతో పనిచేయును. మన పంట వేళకు మార్కెట్టు చేరును; మన సొమ్ము మన చేతిలో నిలుచును.