జవ్వాది కొండపై గెలాక్సీల గుట్టు

కుప్పం: కుప్పం నుంచి చెన్నై దిశగా రైలెక్కినవారికి జోలార్‌పేట దాటిన తర్వాత కుడివైపున ఏలగిరి, ఆ వెనుక జవ్వాది కొండలు కనిపిస్తాయి. ఆ కొండల నడుమ, సముద్ర మట్టానికి సుమారు 725 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న పల్లె కావలూరు. ఆకాశమార్గాన కొలిస్తే కుప్పానికి 55 కిలోమీటర్లు మించదు. రాష్ట్ర సరిహద్దు అడ్డుగా ఉండటంతో పడమటి మండలాల వారికి ఈ ఊరి పేరు అంతగా పరిచయం లేదు. కానీ కోట్లాది కాంతి సంవత్సరాల దూరంలోని గెలాక్సీల నుంచి వచ్చే కాంతిని పోగుచేసి, దానిని రంగులుగా విడదీసి చదివే వైనుబప్పు వేధశాల ఉన్నది అక్కడే.

బెంగళూరులోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థ దీనిని నిర్వహిస్తోంది. 1968లో 38 సెంటీమీటర్ల దూరదర్శినితో ఇక్కడ పరిశీలనలు మొదలయ్యాయి. 1972లో జర్మనీకి చెందిన కార్ల్‌ జైస్‌ సంస్థ తయారుచేసిన ఒక మీటరు దూరదర్శిని వచ్చింది. 1986 జనవరి 6న 2.34 మీటర్ల దూరదర్శినిని నాటి ప్రధాని రాజీవ్‌గాంధీ ప్రారంభించి, వేధశాలకు వైనుబప్పు పేరు పెట్టారు. 2016లో నైనిటాల్‌ సమీపాన దేవస్థల్‌లో 3.6 మీటర్ల దూరదర్శిని ఏర్పడే వరకు దేశంలో ఇదే పెద్దది.

హైదరాబాద్‌ కుర్రవాడు

వైనుబప్పు స్వస్థలం కేరళే అయినా, ఆయన చదువు, ఆకాశంపై ఆసక్తి రూపుదిద్దుకున్నది హైదరాబాద్‌లో. తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగి. నిజాం కళాశాలలో చదివిన బప్పు, హైదరాబాద్‌ సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతో అమెరికాలోని హార్వర్డ్‌కు వెళ్లారు. 1949లో అక్కడ ఒక తోకచుక్కను కనుగొన్నారు. అది బప్పు-బాక్‌-న్యూకిర్క్‌ తోకచుక్కగా ప్రసిద్ధి. తిరిగివచ్చి కొడైకెనాల్‌ వేధశాల బాధ్యతలు చేపట్టాక, రాత్రి పరిశీలనలకు అనువైన చోటు కోసం వెతికి జవ్వాది కొండలను ఎంచుకున్నారు. భూమధ్యరేఖకు చేరువగా ఉండటంతో ఇక్కడి నుంచి ఉత్తర, దక్షిణ ఆకాశాలు రెండూ చూడవచ్చు. తాను తలపెట్టిన పెద్ద దూరదర్శిని పూర్తికాకముందే, 1982 ఆగస్టులో ఆయన మ్యూనిక్‌లో కన్నుమూశారు.

కాంతిని విప్పితే కథ

దూరదర్శిని అంటే వస్తువును పెద్దదిగా చూపే సాధనమని చాలామంది అభిప్రాయం. ఈ పనిలో దాని అసలు ఉపయోగం వేరు. వాన నీటిని పట్టే పెద్ద గంగాళం వంటిది అది. పోగైన కాంతిని సన్నని చీలిక గుండా పంపి, గ్రేటింగ్‌ అనే గీతల ఫలకంపై పడనిస్తే ఊదా నుంచి ఎరుపు వరకు రంగుల పట్టీ ఏర్పడుతుంది. అదే వర్ణపటం. డిగ్రీ కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో సోడియం దీపం ముందు స్పెక్ట్రోమీటరు తిప్పినవారికి ఇది తెలిసిన వ్యవహారమే. తేడా ఏమిటంటే, ఇక్కడ దీపం కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉంటుంది. కంటి స్థానంలో సీసీడీ అనే ఎలక్ట్రానిక్‌ ఫలకం గంటల తరబడి కాంతిని కూడబెడుతుంది.

ప్రతి మూలకం వర్ణపటంలో తనకే ప్రత్యేకమైన గీతలు గీస్తుంది. వేలిముద్ర వంటివి అవి. ఈ విద్యకు తెలుగు నేలతో పాత బంధమే ఉంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్‌ గుంటూరు నుంచి వర్ణపటమాపకంతో పరిశీలించారు. సూర్యుని అంచున ఎగసే జ్వాలలు వేడెక్కిన వాయువులని ఆ రోజున తేలింది. మద్రాసు వేధశాలకు చెందిన పోగ్సన్‌ అదే గ్రహణాన్ని మచిలీపట్నం నుంచి చూశారు. ఆ ఏడాది పరిశీలనల్లో బయటపడిన పసుపు గీతే తర్వాత హీలియం ఉనికికి ఆధారమైంది.

నక్షత్రం కాని ‘నక్షత్రం’

మన పాలపుంత వంటి సాధారణ గెలాక్సీ కాంతి అందులోని నక్షత్రాల కాంతి మొత్తమే. కొన్ని గెలాక్సీల్లో మాత్రం నడిబొడ్డున ఉన్న చిన్న ప్రాంతం మిగిలిన నక్షత్రాలన్నింటితో పోటీపడి వెలుగుతుంది. 1943లో కార్ల్‌ సేఫర్ట్‌ అనే అమెరికన్‌ శాస్త్రవేత్త ఇటువంటి వాటి వర్ణపటాలను పరిశీలించి, గీతలు సన్నగా ఉండవలసిన చోట బాగా వెడల్పుగా ఉన్నాయని గుర్తించారు. కేంద్రంలోని వాయువు సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నదని దాని అర్థం. కొంత వాయువు మనవైపు, కొంత అవతలికి పరుగెత్తడం వల్ల గీత రెండు వైపులా సాగుతుంది. అంత వేగంగా పరుగెత్తే వాయువును పట్టి ఉంచగలిగేది లక్షల నుంచి వందల కోట్ల సూర్యులంత బరువున్న కృష్ణబిలం మాత్రమే. గీత వెడల్పును బట్టి కృష్ణబిలం బరువును అంచనా వేయవచ్చు. తక్కెడ లేని తూకమన్నమాట!

1963లో మార్టెన్‌ ష్మిట్‌ మరో చిక్కుముడి విప్పారు. 3సి 273 అనే రేడియో మూలం చూపులకు మామూలు నక్షత్రంలాగే ఉన్నా, దాని వర్ణపటంలోని గీతలు ఏ మూలకానికీ సరిపోలేదు. అవి హైడ్రోజన్‌ గీతలేనని, తమ స్థానం నుంచి దాదాపు 16 శాతం ఎరుపు వైపు జరిగాయని ఆయన గ్రహించారు. ప్రయోగశాలలో 4861 ఆంగ్‌స్ట్రామ్‌ల వద్ద ఉండే గీత అక్కడ 5630 దగ్గర కనిపించింది. విశ్వం విస్తరించడం వల్ల కలిగే ఈ జరుగుబాటే అరుణ విస్థాపనం. లెక్క కడితే దాని దూరం సుమారు 240 కోట్ల కాంతి సంవత్సరాలని తేలింది.

గీతలు దాచే బ్లేజార్లు

కృష్ణబిలంలోకి పడే పదార్థంలో కొంత భాగం ధ్రువాల దిశగా, దాదాపు కాంతి వేగంతో ధారలుగా చిమ్ముతుంది. ఆ ధార సూటిగా భూమివైపు తిరిగి ఉంటే ఆ గెలాక్సీని బ్లేజార్‌ అంటారు. 1978లో ఎడ్వర్డ్‌ స్పీగెల్‌ ఈ పేరు సూచించారు. ఎదురుగా వచ్చే లారీ హెడ్‌లైటు కళ్లల్లో పడితే బండి రంగు, నంబరు ఏదీ కనబడదు. బ్లేజార్‌తోనూ అదే ఇబ్బంది. ధార కాంతిలో గీతలు మునిగిపోయి వర్ణపటం నున్నగా, బోసిగా మిగులుతుంది. గీత లేకపోతే దూరం తెలియదు, దూరం తెలియకపోతే అసలు శక్తి ఎంతో చెప్పలేరు.

బీఎల్‌ లాసర్టే కథ ఇందుకు మంచి ఉదాహరణ. 1929లో జర్మనీకి చెందిన హాఫ్‌మైస్టర్‌ దీనిని వెలుగు మారే నక్షత్రంగా నమోదు చేశారు. దాదాపు 40 ఏళ్లు అది నక్షత్రాల జాబితాలోనే ఉండిపోయింది. 1968లో రేడియో మూలంగా గుర్తించాక అందరి దృష్టి దానిపై పడింది. 1974లో ఓక్‌, గన్‌ అనే శాస్త్రవేత్తలు ప్రకాశవంతమైన నడిభాగాన్ని మరుగుపరచి, చుట్టూ ఉన్న మసక గెలాక్సీ కాంతిని మాత్రమే విశ్లేషించారు. గీతలు సుమారు 7 శాతం జరిగాయని ప్రకటించారు. దానిపై వాదోపవాదాలు నడిచాయి. 1970 దశకం చివరినాటికి గానీ ఆ విలువ స్థిరపడలేదు. తీరా గీతలే ఉండవనుకున్న ఆ వస్తువులోనే 1995లో వెడల్పైన హైడ్రోజన్‌ గీత బయటపడింది! బ్లేజార్‌ ఎప్పుడు మందగిస్తుందా అని ఎదురుచూసి, ఆ సమయంలో వర్ణపటం తీయడం నేటికీ అనుసరించే పద్ధతి.

బ్లేజార్ల వెలుగు రోజుల్లో, ఒక్కోసారి గంటల్లో మారుతుంది. ఐరోపాలో పగలైనప్పుడు పరిశీలన ఆగిపోకూడదంటే భూగోళం నలుమూలలా దూరదర్శినులు ఉండాలి. తూర్పు ఆసియాకు, ఐరోపాకు నడుమ భారత్‌ ఉండటం ఇందుకు కలిసివచ్చింది. లడఖ్‌లోని హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న 2 మీటర్ల చంద్ర దూరదర్శినిని బెంగళూరు సమీపంలోని హోస్కోటె నుంచే ఉపగ్రహం ద్వారా నడుపుతారు. అదే హాన్లేలో 2024 అక్టోబరు 4న ప్రారంభమైన 21 మీటర్ల మేస్‌ దూరదర్శిని బ్లేజార్ల గామా కిరణాల జాడ తీస్తుంది. భాభా అణు పరిశోధన కేంద్రం నిర్మించిన ఈ సాధనంలో హైదరాబాద్‌ ఈసీఐఎల్‌ పాత్ర ఉంది.

వీధి దీపమూ వర్ణపటంలోకి

వర్ణపటానికి మేఘం ఒక శత్రువైతే, మనిషి వెలిగించే దీపం మరొకటి. జవ్వాది కొండలకు నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ తగులుతాయి కనుక ఏటా అనేక రాత్రులు వృథా అవుతాయి. అది ప్రకృతి ధర్మం. దీపాల సంగతి అలా కాదు. పట్టణాల కాంతి గాలిలోని ధూళి, తేమపై పడి చెదిరి ఆకాశాన్ని తెల్లబరుస్తుంది. పాదరస దీపాలు 4358, 5461 ఆంగ్‌స్ట్రామ్‌ల వద్ద, సోడియం దీపాలు 5890 పరిసరాల్లో తమ గీతలు గీస్తాయి. గెలాక్సీ గీత వాటి పక్కన పడితే కనుక్కోవడం కష్టం. సోడియం దీపం గీత ఒకచోటనే ఉంటుంది కాబట్టి ఏదో విధంగా తీసివేయవచ్చు. తెల్లని ఎల్‌ఈడీ కాంతి నీలం నుంచి ఎరుపు దాకా పరచుకుంటుంది. దానిని వేరుచేయడం అంత సులువు కాదు.

హైదరాబాద్‌ నగరం పెరగడంతో నిజామియా వేధశాలకు ఆకాశం కరవైంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల దూరదర్శినిని నగరానికి దూరంగా జపాల్‌-రంగాపూర్‌లో నెలకొల్పుకోవలసి వచ్చింది. హాన్లే పరిసరాలను 2022లో చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. దీపం కాంతి పైకి పోకుండా మూత అమర్చడం, అవసరం లేని వేళ ఆర్పడం అక్కడి నిబంధనల సారాంశం. ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు, పైగా విద్యుత్‌ ఆదా. కొండల నడుమ కొలువైన కావలూరుకు ప్రధాన బెడద దగ్గరలోని వాణియంబాడి, ఆలంగాయం, తిరుపత్తూరు పట్టణాల దీపాలదే అయినా, కాంతికి రాష్ట్ర సరిహద్దులు లేవు. పడమటి మండలాల్లో వీధి దీపాలకు మూతలు పెడితే ముందుగా లాభపడేది ఇక్కడి ఆకాశమే.

3సి 273ను చూడదలచిన వారు ఏప్రిల్‌ ఆఖరులో రాత్రి 10 గంటలకు ఉత్తర ఫల్గుణి, చిత్త నక్షత్రాలను గుర్తుపట్టాలి. ఆ రెండింటికీ దాదాపు సరిగ్గా మధ్యన, నడినెత్తికి కాస్త దక్షిణంగా అది ఉంటుంది. కంటికి ఆనదు. చీకటి ఆకాశం కింద 8 అంగుళాల దూరదర్శిని, మంచి నక్షత్ర పటం ఉంటే మసక చుక్కలా కనిపిస్తుంది.