బిడ్డను దత్తత తీసుకోవాలంటే ఎక్కడికి వెళ్లాలి?

అక్కలారా, బిడ్డను పెంచుకోవడం వేరు. దత్తత తీసుకోవడం వేరు. పదేళ్లు అన్నం పెట్టి పెంచినా చట్టం ముందు ఆ బిడ్డ మీ బిడ్డ కాదు. రేపు ఆస్తి పంపకం దగ్గర పేచీ వస్తుంది.

మనవాళ్లు ఏం చేస్తారు? పెద్దమనుషుల ముందు స్టాంపు కాగితం మీద రాసుకుంటారు. ఒక్కోసారి డబ్బు కూడా చేతులు మారుతుంది. డబ్బు తీసుకుని బిడ్డను ఇవ్వడం నేరం. జైలు శిక్ష పడుతుంది.

హిందువులకు 1956 నాటి దత్తత చట్టం ఉంది. చెల్లెలి బిడ్డను అక్క తీసుకుంటోంది అనుకోండి. కన్నతల్లి, తండ్రి ఇద్దరూ ఒప్పుకుంటే కోర్టుకు పోనక్కరలేదు. తల్లి కాదంటే తండ్రి ఒక్కడే ఇవ్వడానికి వీల్లేదు. బిడ్డను చేతికి ఇవ్వాలి, తీసుకోవాలి. మామూలుగా బిడ్డకు పదిహేనేళ్లు నిండి ఉండకూడదు. ఇంకా కొన్ని షరతులున్నాయి, వకీలును అడగండి. దత్తత పత్రం రిజిస్టరు చేయించండి. రేపు తగాదా వస్తే అదే అండ.

మరి తల్లిదండ్రులు ఇద్దరూ చనిపోతే? బిడ్డ అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. అమ్మమ్మ దత్తత ఇవ్వవచ్చు. కాని ముందుగా జిల్లా కోర్టు అనుమతి తీసుకోవాలి. హైదరాబాదులో అయితే సిటీ సివిల్ కోర్టు. ముందు ఇచ్చేసి, తర్వాత కోర్టుకు పోతే కుదరదు.

శిశుగృహంలోని బిడ్డను ఏ మతంవారైనా దత్తత తీసుకోవచ్చు. 'కారా' అనే కేంద్ర సంస్థలో పేరు నమోదు చేయించుకోవాలి. పూర్వం దీనికి కోర్టు ఉత్తర్వు ఇచ్చేది. 2021లో చట్టం మార్చారు. 2022 సెప్టెంబరు నుంచి జిల్లా కలెక్టరే ఇస్తున్నారు.

బిడ్డను సాకలేని తల్లి జిల్లాలోని శిశు సంక్షేమ సమితి ముందు అప్పగించవచ్చు. ఆ తర్వాత మనసు మారితే? అరవై రోజుల గడువుంది. ఆలోపు బిడ్డను తిరిగి అడగవచ్చు. ఈ సంగతి చాలామంది తల్లులకు ఎవరూ చెప్పరు.

భార్యాభర్తలు విడిపోతే బిడ్డ ఎవరి దగ్గర ఉండాలి? ఇది కలెక్టరు పని కాదు. ఫ్యామిలీ కోర్టు తేలుస్తుంది. అది లేని చోట జిల్లా కోర్టు. ఏ ఊరి కోర్టు? బిడ్డ మామూలుగా ఉంటున్న ఊరు ఏ కోర్టు కిందికి వస్తే అది. భర్త ఊరు కానక్కరలేదు. హిందువులలో ఐదేళ్లలోపు బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలని చట్టం.

వకీలు ఫీజుకు భయపడకండి. ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకు ఉచితంగా వకీలును ఇస్తారు. కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. అక్కడ తెల్ల కాగితం మీద అర్జీ రాసి ఇవ్వండి. రాయలేనివాళ్లు నోటితో చెప్పవచ్చు. మీకు ఇక ఆ అవసరం లేదు గదా!