టీక నుంచి మూలానికి

ఏ కావ్యానికైనా టీక అవసరమైందంటే రెండే కారణాలు. కావ్యం గంభీరమైనదైనా కావాలి, కవికి చెప్పడం చేతకానిదైనా కావాలి. ఈ రెండవ రకం టీకలు వ్రాయడమే జీవనంగా గల వృత్తి ఒకటి మన కాలంలో ఉన్నది. దాని పేరు టెక్నికల్ రైటింగ్. యంత్రంతోపాటు వచ్చే పుస్తకమూ, కంప్యూటరులో “సహాయం” అన్నచోట నొక్కితే కనిపించే పాఠమూ వీరి వ్రాతే.

దీని పక్కనే మరొక వృత్తి ఉన్నది. మనిషి మీట నొక్కితే యంత్రం ఎలా బదులు పలకాలి, పొరపాటున నొక్కితే ఎలా సర్దుకోవాలి, ఏది ముందు, ఏది వెనుక అన్నది యంత్రం తయారుకాక మునుపే ఆలోచించి గీసిపెట్టే పని. దీన్ని ఇంటరాక్షన్ డిజైన్ అంటారు. 1980ల నడుమ బిల్ మాగ్‌రిడ్జ్, బిల్ వెర్‌ప్లాంక్ అనే ఇద్దరు పెట్టిన పేరు ఇది. మొదటిది టీక అయితే ఇది మూలం.

భేదం ఏమిటంటారా? డబ్బులిచ్చే ఏ.టి.ఎం. సంగతే చూడండి. నోట్లు చేతిలో పడగానే “వచ్చిన పని అయింది” అంటుంది మనసు. కార్డు యంత్రంలోనే ఉండిపోతుంది. “కార్డు మరచిపోకండి” అని గోడకు అంటించడం టీక. కార్డు వెనక్కి తీసుకుంటేగాని నోట్లు బయటికి రాకుండా ఏర్పాటు చేయడం మూలాన్ని దిద్దడం. కొన్ని యంత్రాలు అలాగే చేస్తాయి. ఇక హెచ్చరికతో పనేమున్నది?

తెలుగు పాఠాలు చెప్పుకునే నాకీ గొడవ ఎందుకంటే, నా పూర్వ విద్యార్థిని ఒకామె హైదరాబాదులో ఒక సాఫ్టువేరు కంపెనీలో 9 ఏళ్లు ఈ టీకలే వ్రాసింది. నిరుడు సంక్రాంతికి వచ్చి మొర పెట్టుకున్నది.

“ఒక ఫారం నింపడానికి 11 అంచెలు వ్రాశాను మాస్టారూ! ఫారమే సరిగా ఉంటే 4 చాలు. ఆ మాటంటే, ‘మీ పని వ్రాయడం, మార్చడం కాదు’ అన్నారు. డిజైనువైపు వెళదామంటే జీతం తగ్గుతుంది. నాకన్న పదేళ్లు చిన్నవాళ్ల పక్కన కొత్తదానిలా కూర్చోవాలి. ఇంటి అప్పున్నది. పోనీ ఉన్నచోటనే ఉందామంటే, వ్రాతపని ఇప్పుడు యంత్రాలే చేసేస్తున్నాయాయె!”

ఆమె వెళ్లిన తర్వాత నేనూ నాలుగు పుస్తకాలు తిరగవేశాను. అందులో జెఫ్ రాస్కిన్ అనే ఆయన నన్ను ఆకట్టుకున్నాడు. ఆయన శాన్‌డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కళలు బోధించినవాడు. యాపిల్ కంపెనీ కంప్యూటరుకు బేసిక్ భాష నేర్పే పుస్తకం వ్రాసి, 1978లో అక్కడే ప్రచురణల విభాగానికి అధిపతి అయ్యాడు. 1979లో, మామూలు మనిషి చేతికి సులువుగా లొంగే కంప్యూటరు చేద్దామని పథకం మొదలుపెట్టి, తనకిష్టమైన ఆపిల్‌పండు పేరు దానికి పెట్టాడు. అదే మెకింతాష్. అంతా సుఖాంతమే అనుకోకండి. 1984లో అది బజారుకు వచ్చేనాటికి ఆయన ఆ కంపెనీలో లేడు. యంత్రమూ ఆయన తలచిన రూపంలో లేదు. అయినా టీకాకారుడు మూలానికి చేయి వేయగలడని తేలింది గదా!

ఆమెకు ఇదే ఫోనులో చెప్పి, “పాఠకుడు ఎక్కడ తడబడతాడో నీకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసునమ్మా? అదే నీ పెట్టుబడి” అన్నాను.

పెట్టుబడి ఉన్నా, వదులుకోవలసిన అలవాటూ ఒకటున్నది. మనిషి తడబడితే ఇంకొక వాక్యం చేర్చడం టీకాకారుడి స్వభావం. ఐ.బి.ఎం. పరిశోధనశాలలో జాన్ కెరల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, కొత్తగా కంప్యూటరు నేర్చేవారిని పక్కన కూర్చుని గమనించాడు. వారు పుస్తకం వరుసగా చదవరు, నేరుగా మీటలపై పడతారు. అంచేత ఆయన పుస్తకాన్ని చిక్కించాడు. 1984లో సహచరుడితో కలిసి మరొక ఉపాయం ప్రకటించాడు. పిల్లల సైకిలుకు పక్కచక్రాలు బిగించినట్టు, కొత్తవారిని చిక్కులపాలు చేసే మీటలు మొదట్లో పనిచేయకుండా కట్టివేయడమే అది.

ఈ వృత్తికి కావలసిన మొదటి విద్య, ఎదుటివాడు తికమకపడుతుంటే నోరు మూసుకుని చూడడం. పాఠాలు చెప్పేవాళ్లకు ఇది ఎంత కష్టమో నన్నడగండి! రెండవది, అయిదు బొమ్మలు గీసి నాలుగు పారవేయగలగడం.

ఆమె ఒక్కసారిగా దూకలేదు. ముందు మీటలపై మాటలు, తప్పు జరిగినప్పుడు కనిపించే వాక్యాలు తానే వ్రాస్తానని అడిగి తీసుకున్నది. ఫారం నింపేవారి పక్కన కూర్చుని చూసింది. పాత ఫారమూ, తాను గీసిన కొత్త ఫారమూ, ఎందుకు మార్చిందీ వరుసగా పేర్చి పెట్టుకున్నది. డిజైను కొలువులకు పిలిచేవారు చూసేది ముఖ్యంగా ఈ పేర్పునే. ఎనిమిది నెలలకు వేరొక కంపెనీలో పని దొరికింది. జీతం తగ్గింది. ఇంట్లో సణుగుడు మాత్రం ఇంకా తగ్గలేదట!

అందరూ ఈ దారి పట్టాలని నేననను. మందుసీసాకూ విమానానికీ మంచి టీకలు ఎప్పుడూ కావలసిందే. కాని పాఠకులందరూ ఒకేచోట తడబడుతున్నారని మొదట తెలిసేది టీక వ్రాసేవారికే. అటువంటివారికి కలంతోపాటు గీతలు గీసే పెన్సిలు కూడా ఇస్తే, నష్టపోయేది లావుపాటి పుస్తకాలు అచ్చువేసేవారు మాత్రమే.