విత్తనం ఇచ్చేవారు, లెక్క కట్టేవారు, గింజ మోసేవారు

ఏటా జులైలో పత్రికల లోపలి పేజీల్లో ఒక అంకె వస్తుంది. 2025లో వచ్చిన అంకె ప్రకారం, అంతకు ముందటి ఏడాది ప్రపంచంలో 67 కోట్ల 30 లక్షల మందికి చాలినంత తిండి లేదు. నూటికి ఎనిమిది మందికి పైమాటే. ఆ వార్తలో ఎఫ్‌ఏఓ, డబ్ల్యూఎఫ్‌పీ, ఐఫాడ్ అంటూ పొడి అక్షరాల పేర్లు వరసగా ఉంటాయి. చదివే మనకు అవన్నీ ఒకటే: ఐక్యరాజ్యసమితి వాళ్ళు, రోమ్‌లో ఉంటారు, ఆకలిగొన్న దేశాల్లో బియ్యం బస్తాలు దించుతారు. మొదటి రెండు మాటలూ సరైనవే. బస్తాలు దించడమే పనిగా పెట్టుకున్నది మాత్రం ముగ్గురిలో ఒక్కరే. ఇక విత్తనాల పని చూసే పరిశోధనా సంస్థలు ఇంకో గుంపు. అందులో ఒకటి హైదరాబాద్ పక్కనే, పటాన్‌చెరులో ఉంది. ఎవరి పని ఎంతవరకో తెలియకపోతే ఒకరిని అడగాల్సింది ఇంకొకరిని అడుగుతాం, వీళ్ళెవరి చేతిలోనూ లేని పనికి అందరినీ తిడతాం.

ముందు వయసులో పెద్దదాని సంగతి. ఎఫ్‌ఏఓ, అంటే ఆహార వ్యవసాయ సంస్థ, 1945 అక్టోబరు 16న కెనడాలోని క్యుబెక్ నగరంలో పుట్టింది. మన బడుల్లో ప్రపంచ ఆహార దినం ఆ తేదీనే జరిపేది అందుకే. 1951లో రోమ్‌కు మారింది. 1956 నుంచి 1967 దాకా దాన్ని నడిపింది మన దేశంవాడే, బి.ఆర్. సేన్.

ఈ సంస్థ పనిలో పెద్ద భాగం లెక్కలు. పైన చెప్పిన అంకె ఇంటింటికీ తిరిగి తీసింది కాదు. ఒక దేశంలో ఎంత పండింది, ఎంత దిగుమతి అయింది అని కూడి, ఎగుమతికీ పశువుల మేతకూ విత్తనానికీ పోయింది తీసేసి, మిగిలిన తిండి తలకు ఎన్ని కేలరీలో చూస్తారు. అది అందరికీ సమానంగా అందదు కాబట్టి, ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూ మధ్య తేడా ఎంతో సర్వేల నుంచి అంచనా వేసి కలుపుతారు. దీనికి తోడు ఎనిమిది ప్రశ్నల సర్వే ఒకటుంది. డబ్బు లేక ఏ పూటైనా తిండి మానుకున్నారా, రోజంతా పస్తున్నారా, ఇలాంటి ప్రశ్నలు. మూడు వేల మందిని అడిగి ఇంత పెద్ద దేశం గురించి ఎలా చెబుతారని 2022లో మన కేంద్ర ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. అందులో కొంత బలం లేకపోలేదు. కాకపోతే ఇళ్ళ ఖర్చులపై మన సొంత సర్వే 2011-12 తర్వాత మళ్ళీ 2022-23ది వచ్చేదాకా లేదు. మధ్యలో 2017-18లో చేసినదాన్ని ప్రభుత్వమే పక్కన పెట్టేసింది. మన లెక్క మనం బయటపెట్టకుండా ఇంకొకరి అంచనా తప్పనడం కాస్త ఇబ్బందే.

లెక్క కట్టడం వేరు, మాట చెల్లించుకోవడం వేరు. 2023 జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని భారత్ ఆపేసింది. ప్రపంచ బియ్యం వ్యాపారంలో మన వాటా దాదాపు 40 శాతం. అమెరికాలోని తెలుగువాళ్ళు సోనామసూరి బస్తాల కోసం భారతీయ దుకాణాల్లో ఎగబడిన వీడియోలు అప్పుడు మనమంతా చూశాం. ఆగస్టులో ఎఫ్‌ఏఓ బియ్యం ధరల సూచీ ఒక్క నెలలో 9.8 శాతం పెరిగి, 15 ఏళ్ళ గరిష్ఠానికి చేరింది. సోనామసూరి తినేవాళ్ళ బాధ చిన్నది. సెనెగల్ లాంటి, బియ్యం కొనుక్కు తినే పేద దేశాలకు అది పెద్ద దెబ్బ. ఎఫ్‌ఏఓ ఆ పెరుగుదలను కొలిచి చెప్పింది. నిషేధం ఎత్తేయించే అధికారం దానికి లేదు. 2024 సెప్టెంబరులో ఢిల్లీ తన నిల్వలు చూసుకుని తానే ఎత్తేసింది.

ఎఫ్‌ఏఓ పనుల్లో పైకి కనిపించనిది, రైతుకు నేరుగా తగిలేది ఒకటుంది: కోడెక్స్. ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి 1963లో మొదలుపెట్టిన ఆహార ప్రమాణాల సంఘం అది. ఆహారంలో ఏ పురుగుమందు అవశేషం ఎంత మించకూడదు, ఏ బూజు విషం ఎంత ఉండొచ్చు అని హద్దులు రాస్తుంది. కల్లంలో ఆరబోసిన మిరపకాయకు మంచు తడి తగిలి బూజు పడితే అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది. గుంటూరు సరుకు విదేశీ రేవులో ఆగిపోయే కారణాల్లో ఇదొకటి. కోడెక్స్ హద్దులు చట్టం కావు. కానీ దేశాల మధ్య తగాదా వస్తే ప్రపంచ వాణిజ్య సంస్థ చూసేది వాటినే. సుగంధ ద్రవ్యాల మీద ప్రమాణాలు రాసే కోడెక్స్ కమిటీకి 2013 నుంచి భారతే ఆతిథ్య దేశం. ఈ సంగతి మన మిర్చి యార్డుల్లో ఎంతమందికి తెలుసో!

ఇక గింజ మోసేవారు. డబ్ల్యూఎఫ్‌పీ, ప్రపంచ ఆహార కార్యక్రమం, 1961లో మూడేళ్ళ ప్రయోగంగా మొదలై ఆగకుండా నడుస్తోంది. 2020లో నోబెల్ శాంతి బహుమతి దానికే వచ్చింది. యుద్ధం, వరద, భూకంపం, ఎక్కడైతే బజారు పనిచేయదో అక్కడ ఓడలు, లారీలు, విమానాలతో దిగుతుంది. బజారు పనిచేసే చోట గింజకు బదులు డబ్బు ఇస్తుంది. 2022లో మనం అఫ్గానిస్థాన్‌కు గోధుమలు పంపినప్పుడు అక్కడ అందుకుని పంచింది ఈ సంస్థే. ఒకప్పుడు అమెరికా గోధుమల కోసం ఓడలు లెక్కపెట్టుకున్న దేశం మనది.

డబ్ల్యూఎఫ్‌పీకి ఖాయమైన ఆదాయం లేదు. ప్రతి రూపాయీ ఎవరో ఒకరు ఇష్టపడి ఇవ్వాల్సిందే. ఆ ఇష్టం తగ్గితే ఏమవుతుందో బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌లో చూడొచ్చు. అక్కడి శిబిరాల్లో రోహింగ్యా శరణార్థికి నెలకు 12 డాలర్ల తిండి వోచరు ఇచ్చేవారు. 2023 మార్చిలో దాన్ని 10 డాలర్లకు, జూన్‌లో 8 డాలర్లకు తగ్గించారు. ఎనిమిది డాలర్లంటే రోజుకు మన డబ్బుల్లో పాతిక రూపాయలు కూడా కాదు. ఆకలి తగ్గి కోత పెట్టలేదు, దాతల డబ్బు రాక పెట్టారు. దాతలు మళ్ళీ స్పందించాక 2024లో పెంచారు.

కరవు వచ్చిందని ఎవరు ప్రకటిస్తారన్నది చాలామందికి ఉండే సందేహం. ఏ ఒక్క సంస్థా ప్రకటించదు. ఐపీసీ అనే ఉమ్మడి కొలత ఉంది, ఐదు దశలది. సోమాలియాలో 2004లో ఎఫ్‌ఏఓ మొదలుపెట్టింది, ఇప్పుడు చాలా సంస్థలు కలిసి వాడుతున్నాయి. ఐదో దశ, అంటే కరవు, అనాలంటే మూడు గుర్తులు చూస్తారు: నూటికి 20 ఇళ్ళకు తిండి బొత్తిగా దొరకకపోవాలి, పిల్లల్లో 30 శాతం తీవ్రంగా చిక్కిపోవాలి, రోజుకు పదివేల మందిలో ఇద్దరు ఆకలితో, దాని వెంట వచ్చే జబ్బులతో చనిపోవాలి. పిల్లలు చిక్కారో లేదో తేల్చడానికి చాలా చోట్ల వాడేది ఒక రంగుల టేపు. ఐదేళ్ళ లోపు బిడ్డ జబ్బకు చుడతారు. చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల లోపుంటే ఎర్ర రంగు, వెంటనే వైద్యం కావాలి. ఈ టేపు మన అంగన్‌వాడీ టీచర్లకూ కొత్త కాదు. ఈ కొలతతోనే 2011లో సోమాలియాలో, 2017లో దక్షిణ సూడాన్‌లో, 2024లో సూడాన్‌లోని జంజం శిబిరంలో, 2025 ఆగస్టులో గాజాలో కరవని తేల్చారు. ఈ హద్దులు మరీ కఠినమని నా అభిప్రాయం. అక్కడిదాకా వచ్చాక కరవని పేరు పెట్టేసరికి, కాపాడగలిగిన పిల్లల్లో చాలామంది పోయి ఉంటారు.

మూడోది ఐఫాడ్, 1974 నాటి ప్రపంచ ఆహార సదస్సు ఫలితంగా 1977లో ఏర్పడిన అప్పుల సంస్థ. పల్లె పేదల పథకాలకు ప్రభుత్వాలకు తక్కువ వడ్డీకి అప్పిస్తుంది. 1990ల్లో మన మన్యం గిరిజన ప్రాంతాల పథకాలకు, తర్వాత రాయలసీమ, ప్రకాశం జిల్లాల కరవు ప్రాజెక్టుకు ఇచ్చింది. అప్పు తెచ్చేదీ ఖర్చు పెట్టేదీ ప్రభుత్వమే కాబట్టి దీని పేరు ఊళ్ళో వినబడదు.

పటాన్‌చెరు కథ దీనంతటికీ భిన్నం. వరికి ఫిలిప్పీన్స్‌లో 1960లో, గోధుమ, మొక్కజొన్నలకు మెక్సికోలో 1966లో పరిశోధనా సంస్థలు వచ్చాయి. వానాధారపు మెట్ట పంటల కోసం 1972లో వచ్చింది ఇక్రిశాట్. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ దీని పంటలు; రాగి తర్వాత చేరింది. ఇక్కడి విత్తన భాండారంలో 140కి పైగా దేశాల నుంచి తెచ్చిన లక్షకు మించిన రకాలున్నాయి. దీర్ఘకాలం దాచాల్సినవి మైనస్ 20 డిగ్రీల్లో ఉంటాయి. కొన్నేళ్ళకోసారి మొలక శాతం చూసి, తగ్గితే పొలంలో వేసి కొత్త గింజ తీస్తారు.

వింతైన మడి ఒకటుంది అక్కడ. శనగకు ఎండు తెగులు తెచ్చే శిలీంధ్రాన్ని ఆ మట్టిలో కావాలనే పెంచుతారు. రైతు ఏ తెగులు చూసి గుండె బాదుకుంటాడో, దాన్ని శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి కాపాడుకుంటారు. అందులో వేసిన రకాల్లో చాలా మాడిపోతాయి, నిలబడ్డవాటిని ముందుకు తీసుకుపోతారు. ఇలా తెగులును తట్టుకునే శనగల్లో ఒకటి జేజీ-11. జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంతో కలిసి తీసిన ఈ రకం 1999లో విడుదలైంది. అంతకుముందు మన దగ్గర వేసే అన్నిగేరి శనగకు ఎండు తెగులు బెడద. పైగా శనగ చలిని కోరే ఉత్తరాది పంట. మన చలికాలం పొట్టిది. జేజీ-11 వంద రోజుల్లోపే చేతికొస్తుంది. అక్టోబరులో నల్లరేగడిలో పదును చూసి గొర్రుతో వేస్తే, ఎండలు ముదిరేలోగా కోత అయిపోతుంది. కర్నూలు, ప్రకాశం, అనంతపురం, కడప జిల్లాలు ముందు నడవగా, పదేళ్ళు తిరిగేసరికి ఉమ్మడి రాష్ట్రంలో శనగ విస్తీర్ణం ఆరు లక్షల హెక్టార్ల దరిదాపులకు పోయింది, హెక్టారు దిగుబడి రెట్టింపు దాటింది. విత్తనాన్ని ఊళ్ళకు చేర్చింది మాత్రం ఇక్రిశాట్ కాదు. మన వ్యవసాయ విశ్వవిద్యాలయం, విత్తనాభివృద్ధి సంస్థ, ఒకరికొకరు మూటలు ఇచ్చిపుచ్చుకున్న రైతులు.

తర్వాతి అధ్యాయం ఈ సంస్థల నివేదికల్లో అంతగా కనిపించదు. 2013 నాటికి శనగ ధర పడిపోయింది. మద్దతు ధర క్వింటాలుకు 3,100 రూపాయలైనా బజారు దాన్ని ఖాతరు చేయలేదు. ధర వస్తుందని ఆశపడి శీతల గిడ్డంగుల్లో బస్తాలు పెట్టి, వాటి మీద బ్యాంకు అప్పు తెచ్చుకున్న రైతులు ఇరుక్కుపోయారు. గిడ్డంగి అద్దె ఒకవైపు, వడ్డీ ఒకవైపు, ఆపైన వేలం నోటీసులు. బాగా పండించినందుకు పడిన శిక్ష అది. పటాన్‌చెరు దీనికి ఏం చేయగలదు? దిగుమతి సుంకం ఎంత, కొనుగోలు కేంద్రం ఎప్పుడు తెరవాలి అన్నవి ప్రభుత్వాలు తేల్చాల్సినవి. తెగుళ్ళను ఓడించడానికి అంతర్జాతీయ సంస్థ ఉంది. ధరల దగ్గర అలాంటిదేదీ లేదు.

ఈ లోపాన్నే పట్టుకుని గట్టిగా అడిగింది రైతుల సొంత వేదిక. 1993లో బెల్జియంలో ఏర్పడిన లా వియా కాంపెసినా ప్రపంచ రైతు సంఘాల కూటమి. తిండి ఉంటే చాలదు, ఏం పండించాలో, ఎవరికి అమ్మాలో చెప్పే హక్కూ రైతుకుండాలని 1996 రోమ్ సదస్సు నాటినుంచి అంటోంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు చిరుధాన్యాల విత్తనాలు తమ ఇళ్ళలోనే దాచుకోవడం ఆ వాదనకు చేతల రూపం. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో మొదలైన ప్రకృతి సాగు కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ సంస్థ ఇచ్చే గుల్బెంకియన్ బహుమతిలో వాటా దక్కింది. ఎరువుల ఖర్చు తగ్గడం వరకు నాకు నమ్మకం ఉంది. ప్రతి పంటలో, ప్రతి నేలలో దిగుబడి అంతే వస్తుందంటే మాత్రం ఇంకా చూడాలంటాను.

వీటన్నిటికీ డబ్బెవరిస్తారన్నది 2025లో తలుపు తట్టిన ప్రశ్న. అమెరికా సాయం తెగ్గోయడంతో ఆ ఏడాది తమ నిధులు 40 శాతం తగ్గుతాయని డబ్ల్యూఎఫ్‌పీ చెప్పింది. ఇథియోపియా కరవు తర్వాత 1985లో అమెరికా పెట్టిన ముందస్తు కరవు హెచ్చరికల వ్యవస్థ జనవరిలో మూగబోయింది, కొన్ని నెలల తర్వాత కొంత మేరకు తిరిగొచ్చింది. సూడాన్‌లో, యెమెన్‌లో వచ్చే నెల తిండి ఎలా ఉండబోతోందన్న అంచనాకు చాలామంది ఆధారపడేది ఆ వ్యవస్థ మీదే.