దుమ్ముకు ఊరూ పేరూ అడిగే యంత్రం

గాలిని బలంగా లాగి, వడపోత కాగితం గుండా పంపి, ఆ కాగితాన్ని తూచే పద్ధతిని 1948లో లెస్లీ సిల్వర్‌మన్, వైల్స్ అనే ఇద్దరు ప్రచురించారు. ఆ దారిలో పెరిగిన యంత్రమే హై వాల్యూమ్ శాంప్లర్. పైన వాన పడకుండా రేకు కప్పు, దాని కింద కాగితం, అడుగున మోటారు. ఆ మోటారు ఇల్లు శుభ్రం చేసే వాక్యూమ్ క్లీనర్ మోటారు జాతిదే. రోజుకు 1500 ఘనపు మీటర్లకు పైగా గాలి తాగుతుంది, అంటే ఒక మనిషి పీల్చేదానికి వంద రెట్లకు పైనే.

కడుపు పెద్దదే గానీ దానికి మొదట్లో గొంతు లేదు. దొరికిందల్లా మింగేది. మెట్ట ప్రాంతాల్లో దీని లెక్క పూర్తిగా తప్పుదారి పట్టేది. 40 మైక్రాన్ల మట్టి రేణువు ఒక్కటి కాగితం మీద పడితే, 2.5 మైక్రాన్ల రేణువులు 4096 పడినంత బరువు తూగుతుంది. పెద్దది ముక్కులోనే ఆగిపోతుంది, చిన్నవి ఊపిరితిత్తుల లోతుకు పోతాయి. తక్కెడకు ఆ తేడా తెలియదు. అందుకే యంత్రానికి గొంతు పెట్టారు. మన దేశంలో విరివిగా వాడిన రెస్పిరబుల్ డస్ట్ శాంప్లర్‌లో గాలి సుడి తిరుగుతుంది. బరువైన రేణువులు గోడకు కొట్టుకుని కింది గిన్నెలో రాలతాయి, సన్నవి కాగితం దాకా వెళ్తాయి. 10 మైక్రాన్లు, అంతకన్నా సన్నని రేణువులను పీఎం10 అనీ, 2.5 మైక్రాన్లు, అంతకన్నా సన్నవాటిని పీఎం2.5 అనీ అంటారు. అమెరికా 1987లో పీఎం10కూ, 1997లో పీఎం2.5కూ ప్రమాణాలు పెట్టింది. మన 2009 ప్రమాణాల్లో పీఎం10 ఏడాది సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదు.

బరువు తెలిసింది, మరి ఎవరి దుమ్ము? ఇక్కడి నుంచి కథ రసాయన శాస్త్రం చేతికి వెళ్లింది. కాగితం మీద ఎక్స్ కిరణాలు పడితే ఒక్కో మూలకం తన సొంత కిరణంతో బదులు పలుకుతుంది. అల్యూమినియం, సిలికాన్, టైటానియం కనిపిస్తే మట్టి. పొటాషియం ఎక్కువైతే కట్టెల పొగ, గడ్డి పొగ. సెలీనియం ఉంటే బొగ్గు. విడిగా కొలిచే నల్లటి కార్బన్ ఎక్కువైతే డీజిల్‌ను అనుమానించాలి. వీటి నుంచి వాటాలు లెక్కగట్టే పద్ధతికి 1970ల మొదట్లో ఫ్రీడ్‌ల్యాండర్ బృందం రూపమిచ్చింది. ఉగాది పచ్చడి నాలుక మీద వేసుకుని బెల్లమెంత, చింతపండెంత, వేపపువ్వెంత అని చెప్పడం లాంటి పని ఇది. కానీ బెల్లం రెండు దుకాణాల నుంచి వచ్చి ఉంటే, ఏది ఎక్కడిదో నాలుక చెప్పలేదు. మట్టి విషయంలో యంత్రం సరిగ్గా అక్కడే ఇరుక్కుంది. ఆ చిక్కుతో ఎక్కువగా కుస్తీ పట్టింది 1959లో అమెరికాలోని నెవాడాలో పుట్టిన ఎడారి పరిశోధన సంస్థ. ఈ వాటాల లెక్కను పనిముట్టుగా మలిచిన జాన్ వాట్సన్ పనిచేసిందీ అక్కడే.

ఆ సంస్థకూ మనకూ ఓ ముడి ఉంది. సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత 2005లో హైదరాబాద్ గాలి మీద అధ్యయనం మొదలైంది. పంజాగుట్ట, చిక్కడపల్లి, సెంట్రల్ యూనివర్సిటీల్లో మూడు కాలాల్లో 180 నమూనాలు పట్టారు. 2013లో అచ్చయిన ఆ పత్రాన్ని రాసినవారిలో గుత్తికొండ శరత్‌తో పాటు ఎడారి సంస్థకు చెందిన అలన్ గెర్ట్లర్ ఉన్నారు. పీఎం10లో 60 శాతానికి మించి వాహనాల పొగా, రోడ్డు దుమ్మూ అని తేలింది. కాలుష్య నియంత్రణ మండలి తన కార్యాచరణ ప్రణాళికకు ఈ ఫలితాలనే వాడుకుంది.

నాకు పేచీ ఉన్నది ఆ 'రోడ్డు దుమ్ము'తోనే. రోడ్డు దుమ్మును కనదు, మోస్తుంది. సిద్దిపేట జిల్లా కుకునూరుపల్లినే తీసుకోండి. ఊరు రాజీవ్ రహదారి మీద ఉంది. ఇది ఎడారి కాదు. అయినా ఎండాకాలంలో ఆరిన ఎర్ర చల్క నేలలూ, లారీల రాకపోకలూ కలిస్తే శాంప్లర్‌కు ఎదురయ్యే చిక్కు మాత్రం ఎడారిదే. కోతలయ్యాక కొయ్యకాళ్లు తగలబెడితే పొటాషియం పట్టిస్తుంది. లారీ పొగను కార్బన్ పట్టిస్తుంది. కానీ దున్నిన చల్క, రోడ్డు అంచు మట్టి, చెరువు మట్టి మోసే ట్రాక్టరు నుంచి రాలిన పొడి, కంకర మిషన్ పొడి? దక్కను పీఠభూమిలో చల్క పుట్టింది గ్రానైటు శిథిలమై, కంకర కొట్టేదీ గ్రానైటునే. ఇవన్నీ ఒకే తల్లి బిడ్డలు.

సన్నటి ఆధారాలు లేకపోలేదు. ఇప్పుడే పగలగొట్టిన రాతిలో సోడియం, కాల్షియం నిలిచి ఉంటాయి. యుగాల పాటు వానకు నానిన చల్కలో అవి చాలావరకు కడుక్కుపోతాయి. రోడ్డు మీది పొడిలో టైర్ల జింకు, బ్రేకుల రాగి, ఆంటిమొనీ కలుస్తాయి. అయితే ఈ తేడాలు పుస్తకంలో చూసి వాడుకునేవి కావు. అమెరికా మట్టి కొలతలతో మన మట్టికి లెక్క కడితే జవాబు వస్తుంది, నిజం రాదు. చీపురూ చేటా పట్టుకుని ఇక్కడి రోడ్డు, అంచు, చేను, కంకర మిషన్ దగ్గర పొడి ఎత్తాలి. ఆరబెట్టి, జల్లించి, ఒక పెట్టెలో గాలితో లేపి, అదే గొంతు గుండా అదే రకం కాగితం మీదికి పట్టాలి. ఖరీదైన యంత్రం పక్కన ఈ చీపురు పని ఎవరికీ గొప్పగా కనిపించదు. వాటాల పట్టిక విలువంతా దాని మీదే ఆధారపడి ఉంది.

స్తంభానికి కట్టిన శాంప్లర్ ఎంత మంచిదైనా తన దగ్గరికి వచ్చిన దుమ్మునే చూస్తుంది, లేచిన చోటు చూడలేదు. అందుకే ఎడారి సంస్థ ట్రేకర్ అనే బండి తయారుచేసింది. ముందు టైర్ల వెనక గొట్టాలు అమర్చి, టైరు లేపిన దుమ్మును అక్కడికక్కడే కొలుస్తుంది. బండి ముందు భాగాన ఉన్న గాలితో పోల్చి తేడా తీస్తుంది. అలాంటి బండిని రహదారి తారు మీద ఓసారి, అంచు మట్టి మీద ఓసారి, చేల వైపు పోయే బండ్ల బాట మీద ఓసారి నడిపితే, కిలోమీటరుకు ఏది ఎంత లేపుతోందో విడివిడిగా తెలుస్తుంది. ట్యాంకరుతో నీళ్లు ఎక్కడ చల్లాలో, అంచుకు తారు ఎంత దూరం వేయాలో మండల ఇంజనీరు ఆ లెక్క చూసి తేల్చుకోవచ్చు.