తిరగబెట్టినప్పుడు ఆమెనూ అడగండి

పసుపు ఉడకబెట్టే రోజుల్లో దొంకేశ్వర్ వెళ్ళాను. కల్లంలో కొమ్ములు ఆరబోస్తూ వదిన మెల్లగా చెప్పింది. ఆరేళ్ళ కిందట గడ్డ వరకే తీయించి, కరెంటు పెట్టించుకున్న రొమ్ములోనే జబ్బు మళ్ళీ తిరగబెట్టిందట.

"మీ అన్న, పిల్లలు మొత్తం తీసేయించుడే అంటున్నరు. యాభై రెండేండ్లదానివి, ఇంకేం చేస్కుంటవ్ అన్నరు ఇంటికొచ్చినోళ్ళు. నన్నైతే ఎవ్వరూ అడగలే."

"నీకేమనిపిస్తోంది వదినా?" అన్నాను.

చాలాసేపు ఊరుకుంది. "ఇంకో తొవ్వ ఉన్నదో లేదో తెలిస్తే గదా, అనిపించేది!" అంది.

నిజమే కదా! ఇలా తిరగబెడితే రొమ్ము పూర్తిగా తీసేయడమే చాలాకాలంగా వస్తున్న పద్ధతి. ఒకసారి రేడియేషన్ ఇచ్చిన చోట మళ్ళీ ఇస్తే చర్మం, కండ దెబ్బతింటాయన్న భయమే దానికి ముఖ్య కారణం. ఇప్పుడు కొందరికి రెండో దారి కూడా ఉంది. అమెరికాలో 58 మంది స్త్రీలకు గడ్డ మాత్రమే మళ్ళీ తీసి, ఆ భాగానికే రోజుకు రెండుసార్లు చొప్పున 30 విడతలు రేడియేషన్ ఇచ్చారు. 2020లో వెలువడిన ఫలితాల్లో, అయిదేళ్ళకు 90 శాతం మందికి రొమ్ము నిలిచింది. 5 శాతం మందికి అదే రొమ్ములో మళ్ళీ జబ్బు వచ్చింది.

అయితే గడ్డ 3 సెంటీమీటర్లలోపు, ఒక్కచోటే ఉండి, మొదటి రేడియేషన్ జరిగి ఏడాది దాటినవారినే అందులో తీసుకున్నారు. పూర్తిగా తీయించుకున్నవారితో పోల్చి చూసిన పరీక్ష కాదది. అలాగని పూర్తిగా తీయించుకున్నా, ఛాతీ మీద మళ్ళీ రాదన్న హామీ లేదు.

ఆ రాత్రి అన్నను కూడా కూర్చోబెట్టి క్యాలెండరు కాగితం వెనకాల ప్రశ్నలు రాశాం. జబ్బు ఒంట్లో ఇంకెక్కడికైనా పాకిందా? ఈసారి ముక్క పరీక్షలో హార్మోన్, హెర్‌టూ ఏమొచ్చాయి? నాకు రెండు దారులూ పనికొస్తాయా? తీసేస్తే వీపు కండతోనో, పొట్ట కండతోనో రొమ్మును మళ్ళీ తయారుచేస్తారా? హైదరాబాద్‌లో ఎన్నాళ్ళుండాలి? ఆరోగ్యశ్రీలో ఏమేం వస్తాయి? (తెలంగాణలో ఆ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు.)

డాక్టరు గారు పరీక్షలన్నీ చూసి, తనకు రెండూ వీలేనన్నారు. వదిన రెండు రోజులు ఆలోచించి, తీసేయించుకుంటానంది. మూడోసారి వస్తుందేమోనని దినదినం తడుముకుంటూ బతకలేనంది.

"నేను మొదట్నుంచీ చెప్పింది గదే గదా!" అన్నాడు అన్న.

"నువ్వు చెప్పినవని కాదు" అంది వదిన.

ఆమె చోట మరొకరుంటే, ఉంచుకుంటాననవచ్చు. అప్పుడు 'ఈ వయసులో ఎందుకు?' అని నోరు మూయించకండి. ఒళ్ళు ఆమెది. అద్దంలో చూసుకునేదీ, జాకెట్టు తొడుక్కునేదీ ఆమే. నిర్ణయానికి రెండు రోజులు తీసుకుంటే నష్టం లేదు. పసుపు ముద్దలు కడుతూ నెలలు గడిపితేనే ముప్పు. ఆసుపత్రికి బయల్దేరే ముందు ఓ పూట ఆమె పక్కన కూర్చుని, ఏమనుకుంటోందో వినండి. ప్రశ్నల కాగితం ఆమె చేతికే ఇవ్వండి.